భయానికి ముందుమాట: దెయ్యాల చిత్రాల ట్రైలర్ల చరిత్ర

రాబోయే చిత్రాన్ని గురించి ప్రేక్షకులను ఊరించడానికి ముందుగా చూపే రెండు మూడు నిమిషాల తునకను ట్రైలరు అంటారు. ఇంగ్లీషులో ఈ మాటకు అసలు అర్థం వెనుకబడి వచ్చేది అని. ముందు చూపే వస్తువుకు వెనుక వచ్చేదనే పేరేమిటని ఏ విద్యార్థి అయినా అడిగితే అది సరియైన ప్రశ్నే. మొదట్లో ఆ తునకను నిజంగానే సినిమా ముగిసిన తరువాత చూపేవారు. 1913లో అమెరికాలో మార్కస్ లోవ్ అనే ఆసామికి చెందిన సినిమాహాళ్లలో ప్రచారం చూచే నిల్స్ గ్రాన్లండ్ అనే ఆయన, బ్రాడ్వే వీధిలో ఆడబోయే ఒక సంగీత నాటకానికి చిన్న ప్రచార చిత్రం తయారుచేయించి ప్రదర్శించాడు. ఆ సంవత్సరాంతంలోనే 'ది అడ్వెంచర్స్ ఆఫ్ కాథ్లిన్' అనే ధారావాహిక చిత్రం బయలుదేరినది. అందులో నాయిక ఆపదలో చిక్కిన చోట కథను ఆపి, ఆమె బయటపడుతుందా లేదా అన్నది వచ్చే భాగంలో చూడండి అని తెరమీద అడిగేవారు. అయితే సినిమా అయిపోగానే జనం లేచి పోతారు. ఎవరూ లేని హాలులో ప్రచారం చేసి లాభమేమి? కనుక తునకను ముందుకు జరిపారు. పేరు మాత్రం పాతదే నిలిచినది.

ఈ పుట్టుకలో ఒక విశేషం గమనింపదగినది. ఆపదలో ఉన్న మనిషి, తెగిన కథ: ఈ రెండూ ట్రైలరుతో పాటే పుట్టాయి. తక్కిన చిత్రాలకు ఇవి అలంకారాలు. దెయ్యాల చిత్రానికి ఇవే ప్రాణం.

హైదరాబాదు తూర్పున కొత్తపేటలో, విజయవాడ రహదారి పక్కన, గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు ఏళ్ల తరబడి నడిచినది. అది తరువాత బాటసింగారానికి తరలిపోయినది. మామిడిపండ్లు అమ్మేవాడు ఒక పండును కోసి, ముక్కను కొనేవాని చేతిలో పెడతాడు. రుచి నచ్చితే బేరం కుదురుతుంది. ప్రేమకథకూ, పోరాట చిత్రానికీ ట్రైలరు ఈ పద్ధతిలోనే పనిచేస్తుంది. పాటలో ఒక చరణం, పోరాటంలో ఒక దెబ్బ రుచి చూపిస్తే చాలు. కాని దెయ్యాల చిత్రం సంగతి వేరు. ఒకసారి చూచిన భయం రెండవసారికి సగమవుతుంది. శరీరశాస్త్రంలో దీనిని అలవాటుపడడం అంటారు. ఒకే శబ్దాన్ని పదేపదే వినిపిస్తే ఉలికిపాటు క్రమంగా తగ్గిపోతుంది. అంటే ట్రైలరులో దెయ్యాన్ని పూర్తిగా చూపితే హాలులో అమ్మడానికి సరుకు మిగలదు. అసలు చూపకపోతే కొనేవాడు రాడు. పండును కోయకుండా రుచి చూపించాలి. దెయ్యాల చిత్రాల ట్రైలరు చరిత్ర అంతా ఈ చిక్కుముడిని విప్పడానికి చేసిన ప్రయత్నమే.

మొదటి తరంవారు దీనిని మాటలతో విప్పబోయారు. 1931లో అమెరికాలో యూనివర్సల్ సంస్థ 'డ్రాకులా', 'ఫ్రాంకెన్‌స్టైన్' చిత్రాలను విడుదల చేసినది. ఆ కాలపు ట్రైలర్లలో తెర ఒక మూలనుంచి మరొక మూలకు పెద్ద పెద్ద అక్షరాలు పరుగెత్తేవి. ఇంతటి ఘోరం ఎన్నడూ చూచి ఉండరని, గుండె నిబ్బరం లేనివారు రావద్దని చాటింపు. 'ఫ్రాంకెన్‌స్టైన్' చిత్రం మొదట్లోనే ఒక నటుడు తెర వెనుకనుంచి వచ్చి ప్రేక్షకులను హెచ్చరిస్తాడు. ఈ చాటింపును పరాకాష్ఠకు తెచ్చినవాడు విలియం కాసిల్. 1958లో తన 'మకాబర్' చిత్రం చూచి భయంతో ఎవరైనా మరణిస్తే వెయ్యి డాలర్లు చెల్లించేటట్లు జీవిత బీమా పత్రాలు పంచిపెట్టాడు. ఇది సంతలో గారడీవాని విద్య. ఆ చిత్రంకంటే ఆ బీమా పత్రమే జనానికి ఎక్కువగా గుర్తున్నదంటే అందులో తప్పేమీ లేదు.

తెలుగుదేశంలో కూడా చాటింపే ముందు. జట్కా బండికి రెండువైపులా బొమ్మలు కట్టి, బ్యాండు వాయిస్తూ, కరపత్రాలు విసురుతూ ఊరంతా తిప్పేవారు. తరువాత రిక్షా, దానిమీద మైకు వచ్చాయి. కరపత్రం వెంట పరుగెత్తడమే పిల్లలకు సగం సినిమా. 1942లో జెమినీవారి 'బాలనాగమ్మ'లో గోవిందరాజుల సుబ్బారావు ధరించిన మాయల మరాఠీ, 1951లో విజయావారి 'పాతాళభైరవి'లో ఎస్.వి. రంగారావు ధరించిన నేపాళ మాంత్రికుడు, తెలుగు తెరమీద భయానికి తొలి రూపాలు. అయితే ఈ మాంత్రికులు దాగి ఉండేవారు కారు. గడ్డం, బొట్టు, గుడ్లురుముతో గోడపత్రికల మీదనే నిలబడేవారు. వారిని చూచి పిల్లలు భయపడినా, అది అమ్మమ్మ కథలో రాక్షసుని చూచి భయపడడం వంటిదే. కథలో వాడు చస్తాడని ముందే తెలుసు.

తెలియని దానివల్ల కలిగే భయం వేరే దారిని వచ్చినది. 1949లో కమాల్ అమ్రోహీ తీసిన హిందీ చిత్రం 'మహల్'లో పాడుపడిన భవనం, రాత్రివేళ పాట, కనబడి మాయమయ్యే స్త్రీ కనిపిస్తాయి. 1964లో 'వో కౌన్ థీ' ఆ పద్ధతిని మరికొంత ముందుకు నడిపినది. దాని కథతో తెలుగులో 1966లో 'ఆమె ఎవరు?' వచ్చినది. జగ్గయ్య, జయలలిత అందులో నటించారు. చిత్రం పేరే ప్రశ్న కావడం చూడదగినది. పేరులోనే ట్రైలరు పని సగం జరిగిపోయినది.

ఇక్కడ రేడియో చేసిన ఉపకారం చెప్పుకోవాలి. 1957లో ఆరంభమైన వివిధభారతిలో 1967 నవంబరు నుంచి వాణిజ్య ప్రసారాలు మొదలైనాయి. సినిమా కంపెనీలు రాబోయే చిత్రాల మాటలూ పాటలూ కలిపి రేడియో ప్రకటనలు చేసేవి. 1972లో 'దో గజ్ జమీన్ కే నీచే' తో దెయ్యాల చిత్రాలు మొదలుపెట్టిన రామ్సే సోదరులు ఈ సాధనాన్ని బాగా వాడుకున్నారు. రేడియోలో బొమ్మ లేదు. తలుపు కిర్రుమనాలి, గాలి ఊళవేయాలి, ఎక్కడో ఒక కేక వినబడాలి. మిగిలినదంతా వినేవాడే తన చీకటిగదిలో తయారుచేసుకోవాలి. పండును కోయకుండా రుచి చూపడం ఎట్లాగో రేడియో నేర్పినది. దెయ్యం కంటికంటె ముందు చెవిలోనుంచి వస్తుందన్నమాట.

ఇందుకు శాస్త్రాధారం ఉన్నది. మీకు తెలియకుండా వెనుకనుంచి ఎవరైనా పెద్దగా చప్పట్లు చరిస్తే మొదట కనురెప్ప మూసుకుంటుంది. తరువాత మెడ ముడుచుకొని, భుజాలు పైకి లేచి, చేతులు దగ్గరకు వస్తాయి. లాండిస్, హంట్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు తుపాకి చప్పుడు చేసి, మనుషుల ఉలికిపాటును వేగంగా తిరిగే కెమెరాతో చిత్రించి 1939లో ఒక గ్రంథం ప్రకటించారు. శబ్దం వినబడిన తరువాత సెకనులో సుమారు ఇరవయ్యవ వంతు గడిచేలోపలనే కనురెప్ప కదులుతుంది. ఇంత వేగానికి కారణం, ఈ వార్త ఆలోచించే పై మెదడుదాకా పోకుండా, మెదడు అడుగున ఉన్న కాండంలోనే మలుపు తిరిగి కండరాలకు చేరడం. దెయ్యాలు లేవని గట్టిగా నమ్మే సైన్సు మాష్టారు కూడా ఉలికిపడతారు. ఆయన నమ్మకానికి ఆ దారిలో ప్రవేశం లేదు.

అయితే ఉలికిపాటు అన్నివేళలా ఒకేపాటిది కాదు. 1951లో జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో, ముందే భయపడి ఉన్న జంతువు అదే శబ్దానికి మరింత ఎక్కువగా ఉలికిపడుతుందని తేలినది. మనుషులు చీకటిలో ఉన్నప్పుడు ఉలికిపాటు పెరుగుతుందని 1990ల్లో చూపారు. ట్రైలరు కూర్చేవారు ఈ పత్రాలు చదివి ఉండనక్కరలేదు. చేతి అనుభవంతోనే వారు ఇక్కడికి చేరారు. మొదట చీకటి, తరువాత నిశ్శబ్దం, ఆ నిశ్శబ్దం కొంచెం ఎక్కువసేపు, ఆ మీదట దెబ్బ. నిజానికి నిశ్శబ్దమే ఇక్కడ ఖరీదైన వస్తువు. దెబ్బను ఎవరైనా కొట్టగలరు. దానికి ముందు ఎంతసేపు ఊరుకోవాలో తెలియడమే పనితనం.

ఈ పనితనానికి పెద్ద ఉదాహరణ 1942లో వచ్చిన 'క్యాట్ పీపుల్' అనే అమెరికా చిత్రం. ఒక యువతి రాత్రి నిర్మానుష్యమైన వీధిలో నడుస్తుంటుంది. వెనుక ఏదో జంతువు వస్తున్నదని ప్రేక్షకులకు అనుమానం. అడుగుల చప్పుడు ఆగిపోతుంది. అప్పుడు పక్కనుంచి బుస్సుమని ఒక శబ్దం వస్తుంది. పులి కాదు, బస్సు వచ్చి ఆగినది. చిత్రాన్ని కూర్చిన మార్క్ రాబ్సన్ చేసిన ఈ ఉపాయాన్ని నేటికీ నిర్మాత వాల్ లూటన్ పేరుతో 'లూటన్ బస్సు' అంటారు. తెలుగు ట్రైలర్లలో భుజంమీద హఠాత్తుగా పడే స్నేహితుని చేయి, కిటికీలోంచి దూకే పిల్లి ఈ బస్సుకు సంతతే.

కేక సంగతి మరొకటి. మామూలు మాటలో స్వరం మెల్లగా హెచ్చుతగ్గులవుతుంది. భయంతో వేసే కేకలో శబ్దతీవ్రత సెకనుకు 30 నుంచి 150 సార్ల వరకు అదురుతుంది. దీనిని గరుకుదనమంటారు. ఇట్టి గరుకు శబ్దాలు మెదడులో ఆపదను పసికట్టే అమిగ్డాలా అనే భాగాన్ని ఎక్కువగా కదిలిస్తాయని 2015లో ప్రకటించిన ఒక పరిశోధనలో కనబడినది. అంతకుముందు 2010లో, మార్మట్ అనే కొండ ఉడుతజాతి జంతువుల కేకలను పరిశీలించే డేనియల్ బ్లూమ్‌స్టైన్ అనే ఆచార్యుడు 102 చిత్రాల ధ్వనిపథాలను విశ్లేషించాడు. పట్టుబడిన జంతువుపిల్ల గొంతు తెగి పగిలినట్లు వినిపించే లక్షణాలు, దెయ్యాల చిత్రాల కేకల్లోనూ వాద్యాల్లోనూ ఉన్నట్లు ఆయన చూపాడు. ఫిడేలు తీగను కమానుతో గట్టిగా అదిమి గీసినప్పుడు వచ్చే కీచుదనం వినేవానికి ఎందుకు చికాకు కలిగిస్తుందో దీనినిబట్టి ఊహింపవచ్చును. అది సంగీతమని చెవి ఒప్పుకొనకముందే, ఎవరో ఆపదలో ఉన్నారని మెదడు ఒప్పుకుంటుంది.

ట్రైలరు రెండవ సగంలో, బొమ్మలు వేగం పుంజుకునేటప్పుడు, ఒక స్వరం ఎడతెగకుండా పైకి పోతున్నట్లు వినబడుతుంది. కొన్ని ట్రైలర్లలో ఆ స్వరం ఎంతకీ పై మెట్టుకు చేరదు. రోజర్ షెపర్డ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1964లో చూపిన కనికట్టు దీనికి ఆధారం. ఒకదానిపైన ఒకటి అష్టకాల దూరంలో కొన్ని స్వరాలను పేర్చి, అన్నిటినీ కలిసికట్టుగా పైకి నడిపిస్తూ, పైదానిని మెల్లగా తగ్గించి, క్రిందినుంచి కొత్తదానిని మెల్లగా ప్రవేశపెడితే, చెవికి ఎప్పుడూ ఎక్కుతున్నట్లే ఉంటుంది. మెట్లెక్కుతున్నా అదే అంతస్తులో ఉండడం వంటిది. ఇక చెవికి వినబడని మంద్రకంపనాలు దెయ్యం భ్రమ కల్పిస్తాయన్న మాట బాగా ప్రచారంలో ఉన్నది. 1998లో విక్ టాండీ అనే ఇంజనీరు తన ప్రయోగశాలలోని భయానుభూతికి సెకనుకు సుమారు 19 కంపనాలు చేసే ఒక పంకా కారణమని వ్రాశాడు. తరువాతి పరిశీలనల్లో ఈ ఫలితం గట్టిగా రుజువు కాలేదు. కనుక దీనిని కథగానే ఉంచుకోవడం మంచిది.

తరగతిలో దీనిని పరీక్షించడం కష్టమేమీ కాదు. పిల్లలకు తగిన ఒక ట్రైలరును మొదట శబ్దం పూర్తిగా తగ్గించి చూపాలి. కొందరు నవ్వుతారు. తరువాత తెరకు గుడ్డ కప్పి శబ్దం మాత్రం వినిపించాలి. నవ్వు ఆగిపోతుంది. మూడవసారి బొమ్మ మారినప్పుడల్లా కాగితంమీద గీత గీయమంటే, మొదటి అరనిమిషంలో ఎన్ని గీతలు, చివరి అరనిమిషంలో ఎన్ని గీతలు ఉన్నాయో పోల్చవచ్చును. లెక్కల మాష్టారు దానితో గ్రాఫు కూడా గీయించవచ్చు.

చెవి సంగతి ఇట్లా ఉండగా, కంటికి ఎంత చూపాలన్న ప్రశ్నకు మంచి జవాబు 1960లో ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ చెప్పాడు. 'సైకో' ట్రైలరు ఆరు నిమిషాలకు పైబడినది. అందులో చిత్రంలోని దృశ్యం ఒక్కటీ లేదు. హిచ్‌కాక్ తానే, అద్దె ఇల్లు చూపించే పెద్దమనిషివలె, కథ జరిగిన ఇంటినీ పక్కనున్న బసనూ తిప్పి చూపిస్తాడు. మెట్లదగ్గర ఏదో చెప్పబోయి మానుకుంటాడు. వెనుక హాయిగా సాగే సంగీతం. చివరకు స్నానాలగదిలో తెర లాగుతాడు. ఒక స్త్రీ కెవ్వుమంటుంది. ఆమె చిత్రంలో ఆ గదిలో హత్యకు గురయ్యే జానెట్ లీ కాదు. వేరే పాత్ర ధరించిన వెరా మైల్స్ తలకు టోపా పెట్టుకొని నిలబడినది. ఎవరికీ తెలియలేదు. పండును కోయలేదు, రుచి మాత్రం నాలుకమీద నిలిచినది. 1979లో 'ఏలియన్' ట్రైలరులో ఒక గ్రుడ్డు పగలడం, పరుగెత్తే మనుషులు, ఒక ఊళ తప్ప మాట లేదు. 1980లో కుబ్రిక్ తీసిన 'ది షైనింగ్' తొలి ట్రైలరు ఒకే ఒక షాటు. కదలని కెమెరా ముందు లిఫ్టు తలుపులు. పేర్లు పైకి పాకుతుంటాయి. తలుపు సందులోంచి నెత్తురు వరదగా వస్తుంది. ఏమి జరిగినది, ఎవరి నెత్తురు అన్నది ఎవరూ చెప్పరు. 1931నాటి పరుగెత్తే అక్షరాలను దీని పక్కన పెడితే యాభై ఏళ్ల దూరం తెలుస్తుంది.

తెలుగులో ఈ దాచే పద్ధతికి తలుపు తీసినది రామ్‌గోపాల్ వర్మ అనవచ్చును. 1989లో 'శివ'లో ఆయన స్టెడీకామ్ అనే సాధనాన్ని ప్రముఖంగా వాడాడు. కెమెరాను మనిషి శరీరానికి కట్టి, స్ప్రింగుల సహాయంతో కుదుపు లేకుండా నడిపించే పరికరమిది. 1992లో రేవతి నటించిన 'రాత్రి'లో కెమెరా నేలబారున పాకుతూ, మలుపులు తిరుగుతూ మనుషుల వెంట పడుతుంది. వెంటపడేది ఏమిటో కనబడదు, ఎందుకంటే ప్రేక్షకుడే దాని కంటిలోంచి చూస్తున్నాడు. దెయ్యానికి వేషం వేయనవసరం తప్పినది. ఆయన 1996లో 'దెయ్యం', 2003లో హిందీలో 'భూత్' తీశాడు. పాడుపడిన కోటలో ఉండే దెయ్యం బొంబాయి అపార్టుమెంటులోకి మారినది ఆ 'భూత్' తోనే.

2009 సంక్రాంతికి కోడి రామకృష్ణ దర్శకత్వంలో వచ్చిన 'అరుంధతి' దీనికి భిన్నమైన మార్గం. ఇది చూపే చిత్రం. గద్వాల సంస్థానం కథ, బనగానపల్లె నవాబు బంగళా, ఎర్రచీర, డప్పులు, కంప్యూటరు చిత్రాలు, అన్నీ నిండుగా ఉన్నాయి. దాచినది ఒక్కటే. సోనూ సూద్ ధరించిన పశుపతి పాత్రకు రవిశంకర్ ఇచ్చిన గొంతు. ఆ పాత్ర పలికిన ఒక్క పిలుపుతో ఆయన పేరే బొమ్మాళి రవిశంకర్‌గా మారినది. ఊళ్లలో పిల్లలు ఆ పిలుపును అనుకరించినంతగా ఆ చిత్రంలోని ఏ బొమ్మనూ అనుకరించలేదు. రేడియోకాలపు పాఠం మళ్లీ రుజువైనదన్నమాట. 2022 డిసెంబరులో 'విరూపాక్ష' పేరు ప్రకటించిన తునకకు చిన్న ఎన్.టి.ఆర్. గొంతునిచ్చాడు. రచ్చబండమీద కథ చెప్పే పెద్దవాని గొంతు అది. తెలుగు ప్రేక్షకునికి అరుపుకంటె ఆ నింపాదితనమే ఎక్కువ అనుమానం కలిగిస్తుంది.

మధ్యలో హాస్యంతో కలిసిన దెయ్యాలు ఒక గుంపుగా వచ్చాయి. 2013లో 'ప్రేమకథా చిత్రమ్', 2014లో 'గీతాంజలి', 2015లో 'రాజుగారి గది', 2017లో 'ఆనందో బ్రహ్మ'. వీటి లయ సూక్ష్మమైనది కాదు. నిశ్శబ్దం తరువాత దెబ్బ పడవలసిన చోట నవ్వు పడుతుంది. ఉలికిపాటూ నవ్వూ ఒకే బిగువునుంచి విడుదలలే కనుక ఇది పనిచేస్తుంది. 'ఆనందో బ్రహ్మ'లో మనుషులను చూచి దెయ్యాలే భయపడతాయి.

ఈ ట్రైలర్లను చూచే చోటు కూడా మారినది. దిల్‌సుఖ్‌నగర్‌లో కోణార్క్, వెంకటాద్రి వంటి పేర్లు ఒకప్పుడు సినిమాహాళ్లుగానే కాక, బస్సు దిగడానికి గుర్తులుగా కూడా ఉండేవి. హాలులో కూర్చున్నవాడు ట్రైలరును తప్పించుకోలేడు. దీపాలు ఆరిపోయాయి, తలుపులు మూశారు. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుంచి ఎల్.బి.నగర్ వరకు మెట్రో రైలు నడవసాగినది. దిల్‌సుఖ్‌నగర్ శిక్షణ కేంద్రాలకు పోయే విద్యార్థి చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ స్టేషన్ల మధ్య పట్టపగలు, గుంపులో నిలబడి, అరచేతిలో ట్రైలరు చూస్తాడు. నచ్చకపోతే బొటనవ్రేలితో తోసివేస్తాడు. అందువల్ల ఈనాటి ట్రైలర్లలో కొన్ని, మొదటి నాలుగైదు సెకన్లలోనే ఒక చిన్న కుదుపు పెట్టి, ఆ తరువాత నింపాదిగా మొదలవుతాయి. నిశ్శబ్దంతో ఆరంభించే ధైర్యం తగ్గినది. ఇది నష్టమే.

భౌతికశాస్త్రం కూడా అడ్డు తగులుతుంది. హాలులోని పెద్ద స్పీకరు గాలిని బలంగా కదిలించి ఛాతీ అదిరే మంద్రధ్వని పుట్టిస్తుంది. ఫోనులోని స్పీకరు గోరంత. సెకనుకు వంద కంపనాలకు దిగువనున్న ధ్వని దానివల్ల కాదు. అయినా మనకు ఆ మంద్రం కొంత వినబడినట్లే ఉంటుంది. ఒక స్వరానికి పైనున్న అనుస్వరాలు వినిపిస్తే, లేని మూలస్వరాన్ని మెదడు తానే నింపుకుంటుంది. ధ్వని కూర్చేవారు కావాలని ఆ అనుస్వరాలను పెంచుతారు. వినబడనిదాన్ని వినడం దెయ్యాల చిత్రంలో ఇంత శాస్త్రీయంగా జరుగుతున్నది!

ఇంతవరకు చెప్పినది ఉపాయాల సంగతి. ఇక గుర్తుల సంగతి. రెండు నిమిషాల్లో కథ చెప్పడానికి వ్యవధి లేదు. అందువల్ల చూడగానే అర్థమయ్యే వస్తువులు కావాలి. పడమటి ట్రైలర్లలో శిలువ, ఊయలకుర్చీ, పింగాణి బొమ్మ ఈ పని చేస్తాయి. మన ట్రైలర్లలో జుట్టు విరబోసుకున్న స్త్రీ, ముగ్గులో పెట్టిన నిమ్మకాయలు, కుంకుమ, మేకులు దిగిన పిండిబొమ్మ, పొలిమేరలో మంట, ఊరికి దూరంగా ఒంటరి ముసలిది. ఎనిమిది పదేళ్ల పిల్లవాడికైనా వీటికి వివరణ అక్కరలేదు. ఈ వస్తువులు సినిమావారు కల్పించినవి కావు. చేతబడి, బాణామతి అనే నమ్మకాలనుంచి ఎత్తి తెచ్చుకున్నవి. శిలువను చూచి కొత్తపేటలో ఎవరూ ఎవరినీ అనుమానించరు. నిమ్మకాయ సంగతి అట్లా కాదు. 2022 జనవరిలో జగిత్యాలలో మంత్రాలు చేస్తున్నారన్న అనుమానంతో ఒక తండ్రినీ ఇద్దరు కుమారులనూ చంపివేశారు. తెలంగాణ పల్లెల్లో ఇట్టి హత్యలు అదొక్కటే కాదు. నిమ్మకాయ, ఒంటరి ముసలిది, రాత్రి దీపం, ఇవే అక్కడ నేరానికి సాక్ష్యాలుగా చెలామణి అవుతాయి.

ట్రైలరు చూచి ఎవరో ఎవరినో చంపారని చెప్పడానికి ఆధారం లేదు. అట్లా చెప్పడం అన్యాయం. చూడవలసినది వేరొకటి. యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' నవల చేతబడిని నమ్మిస్తున్నదని రంగనాయకమ్మ తీవ్రంగా విమర్శించినప్పుడు, వాదించడానికి ఎదురుగా మొత్తం పుస్తకం ఉన్నది. పుస్తకంలో వైద్యుడూ ఉన్నాడు, మాంత్రికుడూ ఉన్నాడు. ఎవరి మాట నెగ్గినదో పాఠకుడు చూడవచ్చును. మొత్తం సినిమాకు కూడా ఆ అవకాశం ఉన్నది. 2005 నాటి 'చంద్రముఖి'లో దెయ్యమనుకున్నది మనోవ్యాధి అని డాక్టరు విడమరచి చెబుతాడు. 2014లో వచ్చిన 'కార్తికేయ'లో గుడిచుట్టూ జరిగే మరణాలు దేవుని కోపం కావు, మనిషి చేతిపని అని వైద్యవిద్యార్థి అయిన నాయకుడు కనిపెడతాడు. 'విరూపాక్ష' కథ, క్షుద్రపూజలు చేస్తున్నారని ఊరివాళ్లు ఒక దంపతులను చంపడంతో మొదలవుతుంది. ఊరికి వచ్చే కీడుకు మొదలు ఆ హత్యే. కాని ట్రైలరుకు నియమమే వేరు. ముడి చూపాలి, విప్పడం చూపకూడదు. డాక్టరు వివరణ మొదట కోతకు గురవుతుంది. మనిషి చేతిపని అన్న మాట చివరిదాకా దాచవలసిన రహస్యం. నిమ్మకాయా, విరబోసిన జుట్టూ, కేకా మాత్రం మిగులుతాయి. సినిమాకు వెళ్లినవాడికి ముడీ విప్పూ రెండూ దక్కుతాయి. ట్రైలరు చూచి ఊరుకున్నవాడికి, అంటే ఎక్కువమందికి, ముడి ఒక్కటే దక్కుతుంది. హిచ్‌కాక్‌ను గొప్పవాణ్ణి చేసిన ఆ దాచడమే ఇక్కడ ఈ పని చేస్తున్నది. ఇందులో కూర్చినవారి దురుద్దేశమేమీ లేదు. రెండు నిమిషాల ఆకారమే అట్టిది.

దారి లేకపోలేదు. 2022లో వచ్చిన 'మసూద'లో కథ నగరంలోని మధ్యతరగతి వాటాల్లో నడుస్తుంది. కూతురి ప్రవర్తన మారితే బెంబేలెత్తే ఒంటరి తల్లి, సాయానికి వచ్చే పిరికి పొరుగువాడు. దెయ్యాన్ని పక్కనపెట్టినా, చీటికి మాటికి ఉలికిపడే ఆ తల్లి ముఖం ఒక్కటే భయం పుట్టించగలదు. ఆపదలో ఉన్న మనిషితో 1913లో మొదలైన ట్రైలరుకు ఇది కొత్త సంగతి కాదు. 2009లో 'పారానార్మల్ యాక్టివిటీ' ట్రైలరు చేసినవారు ఇంకొక అడుగు వేశారు. చీకటిలో చూడగల కెమెరాను హాలులోని ప్రేక్షకులవైపు త్రిప్పి, వాళ్లు ఉలికిపడడం, పక్కవాని భుజంలో ముఖం దాచుకోవడం చూపారు. అక్కడ నిమ్మకాయకూ శిలువకూ దేనికీ పని లేదు.

హాలులో ప్రదర్శించే ట్రైలరుకు, 1952 సినిమాటోగ్రాఫు చట్టం ప్రకారం, సినిమాతో సంబంధం లేకుండా వేరుగా ధ్రువపత్రం కావాలి. 2023లో సవరించిన చట్టాన్ని, 2024 నియమాలను అనుసరించి, పెద్దల తోడుతో చూడదగిన చిత్రాలను 7, 13, 16 ఏళ్ల వయసులనుబట్టి మూడు తరగతులుగా విభజించారు. తెరమీద మొదట కనిపించే ఆ కాగితం అదే. ఫోనులో వచ్చే ట్రైలరుకు ఆ కాగితం అవసరం లేదు. దిల్‌సుఖ్‌నగర్ హాలులో పదేళ్ల పిల్లవాడికి పెద్దల తోడుతో తప్ప చూపరాదన్న తునకను, అదే పిల్లవాడు కొత్తపేటలో ఇంటి మెట్లమీద కూర్చొని, చెవులకు తీగలు తగిలించుకొని, ఒంటరిగా, ఎన్నిసార్లయినా చూడవచ్చును.